తోలు, గాలి, తగరం: చెన్నై ఆర్గన్ల వెంట

గురువారం

చెన్నైలోని పాత చర్చిల్లో పైప్ ఆర్గన్లు చూడాలని ఎన్నో ఏళ్ళుగా అనుకుంటున్నాను. దూరం నుంచి దణ్ణం పెట్టుకుని రావడం కాదు, వీలైతే ఒకదాని వెనక తలుపు తీయించి లోపలికి వెళ్ళాలని. మా నాన్నగారు తెనాలి చుట్టుపక్కల పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆ పెట్టె విప్పి రీడ్లు గీకి శ్రుతి చేయడం, తిత్తికి చిల్లి పడితే తోలు ముక్క అతికించడం ఇంట్లోనే నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఊరి చర్చిలో ఆదివారం ఆరాధనకు వాయిస్తున్నాను. గాలితో పలికే వాద్యం ఏది కనిపించినా దాని లోపల ఏముందో చూడందే నాకు తోచదు.

ఆగస్టు చివర్లో పెరంబూరు నుంచి మావయ్య ఫోన్ చేశారు. "అమ్మాయీ, ఇక్కడ ఒక చర్చిలో ఆర్గన్ మొత్తం విప్పి బాగు చేస్తున్నారు. చూడాలంటే ఇప్పుడే రా. అక్టోబరు వానలు పడేలోపు మళ్ళీ బిగించేస్తారు" అన్నారు. ఆయన కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. చర్చి క్వాయర్‌లో అడుగు గొంతు పాడతారు. ఆర్గన్ బాగుచేసే పెద్దాయనతో ఆయనకు పాత స్నేహం. అంతకంటే ఏం కావాలి? పినాకిని ఎక్కేశాను.

సాయంత్రం మావయ్య ఇంట్లో కాఫీ తాగుతూ అసలు సంగతిలోకి దిగాం. హార్మోనియంలో రీడు ఒక్కటే పలుకుతుంది. గాలి వెళ్తుంటే ఇత్తడి నాలుక తన సందులో అటూ ఇటూ ఊగుతుంది, అంతే. పైప్ ఆర్గన్‌లో ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం ఉండాలి. అదీ ఒక్కో స్టాపుకు, అంటే ఒకే రకం నాదమిచ్చే గొట్టాల వరసకు, విడివిడిగా. 58 మెట్లు (వేళ్ళతో నొక్కేవి), పది స్టాపులు ఉన్న చిన్న ఆర్గన్ అనుకున్నా 580 గొట్టాలు. చాలా గొట్టాల్లో నాలుక ఉండదు. పిల్లనగ్రోవిలో లాగా పలచని గాలి పొర గొట్టం పెదవి అంచుకు తగిలి అల్లాడుతుంది, దాంతో గొట్టంలోని గాలి మోగుతుంది. ట్రంపెట్, ఓబో లాంటి కొన్ని స్టాపులకు మాత్రమే నాలుక ఉంటుంది.

"మరి మన పాటకు ఇది పనికొస్తుందా మావయ్యా? గమకం పలకదు కదా" అన్నాను. మా తెలుగు కీర్తనలు చాలావాటికి పైన రాగం, తాళం రాసి ఉంటాయి. మెట్టు నుంచి మెట్టుకు జారడం కుదరని వాద్యంతో వాటిని పాడటం కష్టం. ఆ మాటకొస్తే ఇదే కారణం చెప్పి ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్నే గడప తొక్కనివ్వలేదు. అయినా మన నాటకం, మన భజన దాన్ని వదల్లేదు.

"గమకం గొంతు చూసుకుంటుంది తల్లీ. ఆర్గన్ పని వేరే. వెయ్యి మంది ఒకేసారి పాడుతుంటే అందరి ఊపిరినీ ఒక్కచోట నిలబెట్టాలి. అది హార్మోనియం వల్ల కాదు" అన్నారు మావయ్య. ఆదివారం దాకా ఈ మాట నాకు సరిగ్గా ఎక్కలేదు.

శుక్రవారం

పొద్దున్నే సెయింట్ జార్జ్ కోట. సచివాలయం లోపలే ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ తప్పదు. సెయింట్ మేరీస్ చర్చి 1678లో మొదలై 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. అప్పటి గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్. ఎలైహు యేల్ పెళ్ళి 1680లో, రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో ఇక్కడే జరిగాయి. చుట్టూ నేల మీద పరిచిన పాత సమాధి రాళ్ళ మీద నడుస్తూ లోపలికి వెళ్ళాలి. నాకు మాత్రం ఆ పెళ్ళిళ్ళ కంటే పైకప్పు ముఖ్యం. ఫిరంగి గుండ్లు పడినా తట్టుకునేలా రెండడుగుల మందం ఇటుక కమాను వేశారు. కప్పులో దూలం లేదు. చెద పట్టడానికి ఏమీ లేదు.

అక్కణ్ణుంచి ఎగ్మూరు వైపు సెయింట్ ఆండ్రూస్ కిర్క్. 1818లో పునాది రాయి వేసి 1821లో తెరిచారు. కట్టిన ఇంజనీరు థామస్ ఫియట్ డి హావిలండ్. నేల బురద కావడంతో వరసగా బావులు దింపి, వాటి మీద పునాది నిలబెట్టాడు. లోపల గుండ్రటి గది, 16 స్తంభాలు, వాటి మీద యాభై అడుగులు దాటిన వ్యాసంతో గుమ్మటం. తల ఎత్తితే ముదురు నీలం, అందులో నక్షత్రాలు. ఇక్కడా గుమ్మటం మొత్తం కట్టుబడే, కలప కాదు.

ఇలా చెదకు భయపడి కలప లేకుండా కట్టుకున్న భవనంలో 1883లో తెచ్చి పెట్టిన ఆర్గన్ ఉంది. ఆర్గన్ అంటే ఏమిటి? కలప, గొర్రె తోలు, జిగురు, ఉన్ని గుడ్డ, తగరం, సీసం. చెదకు, ఎలుకకు, ఉప్పుగాలికి ఏవి ఇష్టమో అవన్నీ ఒకేచోట. దాని ముందు నిలబడి చాలాసేపు ఇదే ఆలోచించాను. రాతి గోడలకు రెండు వందల ఏళ్ళు నిలబడటం పెద్ద విషయం కాదు. ఈ తోలూ కలపా ఇన్నేళ్ళు నిలిచాయంటే ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు లోపలికి దూరి, చేతులు మసి చేసుకుని, పాడైన ముక్క మారుస్తూ వచ్చారన్నమాట. ఆ చేతుల పేర్లు చర్చి గోడల మీది పాలరాతి పలకల్లో నాకు కనబడలేదు.

ఆ కాలంలో ఆర్గన్లు ఎక్కువగా ఇంగ్లండులో తయారై, విడి భాగాలుగా పెట్టెల్లో సర్ది ఓడల్లో వచ్చేవి. ఉష్ణదేశాలకు పంపేవాటిలో మెత్తటి కలప బదులు టేకు వాడేవారు. ఒట్టి జిగురును నమ్మకుండా అతుకులకు మరలు బిగించేవారు. ఉప్పుగాలికి ఇనుము తినేస్తుంది కాబట్టి తీగలు ఇత్తడివి పెట్టేవారు. అంత జాగ్రత్తపడినా ఇక్కడి వేసవి, ఇక్కడి వాన ఏటా పరీక్ష పెడుతూనే ఉంటాయి.

ఆర్గన్ మనదేశానికి ఇంగ్లీషువాళ్ళతోనే రాలేదు. ఈ వాద్యం వయసు రెండు వేల ఏళ్ళ పైమాటే. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసీబియస్ అనే ఆయన నీటి బరువుతో గాలి ఒత్తిడిని నిలకడగా ఉంచి గొట్టాలు పలికించాడు. 757లో బైజాంటియం చక్రవర్తి ఫ్రాంకుల రాజు పెపిన్‌కు ఒక ఆర్గన్‌ను కానుకగా పంపాడు. తర్వాతే అది పశ్చిమ ఐరోపా చర్చిల్లోకి నడిచింది. మన దగ్గర 1580 ప్రాంతంలో అక్బరు కొలువులో హాజీ హబీబుల్లా తెచ్చిన ఆర్గన్‌ను జనానికి చూపించారని చరిత్రకారుడు బదాయూనీ రాశాడు. మనిషంత పెట్టె అని, దాన్ని సృష్టిలోని వింతల్లో ఒకటిగా లెక్కించాడు. చర్చి పుట్టుక ముందే పుట్టి, చర్చిలోకి చేరి, మధ్యలో మొగలు దర్బారు కూడా చూసిన వాద్యాన్ని ఒకే మతానికి, ఒకే జాతికి కట్టేయడం న్యాయం కాదు.

శనివారం

అసలు చూడాల్సింది ఈ రోజే. చర్చి పేరు రాయవద్దని అక్కడివాళ్ళు కోరారు, రాయను. ఉత్తర చెన్నైలో ఉన్న పాత చర్చి, చిన్న ఆర్గన్.

లోపలికి అడుగుపెట్టగానే బల్లల మీద పాత చీరలు పరిచి వాటి మీద గొట్టాలు వరసగా పడుకోబెట్టి కనిపించాయి. పెద్దవి నా ఎత్తు కంటే పొడుగు. చిన్నవి చిటికెన వేలంత, అందులోనూ పలికే భాగం అంగుళం కూడా లేదు. కొన్నిటి మీద చిరుతపులి చర్మం మీద ఉన్నట్టు మచ్చలు. సగం తగరం, సగం సీసం కలిపి పోసిన రేకు చల్లారేటప్పుడు ఆ మచ్చలు వాటంతటవే తేలతాయట. కలప గొట్టాలు చదరంగా, పెట్టెల్లా ఉన్నాయి.

పెద్దాయనకు డెబ్భై దాటి ఉంటాయి. తమిళం, ఇంగ్లీషు, పెరంబూరు తెలుగు మూడూ కలిపి మాట్లాడతారు. మావయ్య నన్ను చూపించి "హార్మోనియం విప్పి బిగిస్తుంది మేస్త్రీ, మా అమ్మాయి" అన్నారు. ఆయన నా చేతులు చూసి, "అయితే లోపలికి రామ్మా. పమిట చెంగు దోపుకో, మేకులుంటాయి" అన్నారు.

ఆర్గన్ పక్కన బీరువా తలుపంత తలుపు. లోపల ఒక మనిషి ఒద్దికగా నిలబడే చోటు. టార్చి వేసి కింద నుంచి పైకి చూపించారు. అన్నిటికంటే కింద గాలి నిలవ చేసే పెద్ద తిత్తి. దాని మీద ఇనుప బరువులు. ఆ బరువే గాలి ఒత్తిడిని ఎప్పుడూ ఒకేలా ఉంచుతుంది. వంపు తిరిగిన గాజు గొట్టంలో నీళ్ళు పోసి ఒక కొసను గాలి దారికి తగిలించి ఒత్తిడి కొలుస్తారు. నీటి మట్టంలో తేడా మూడంగుళాలు చూపించింది. మనం నోటితో ఊదే గాలి ఇంతకంటే గట్టిది. అంత మెత్తటి గాలితోనే చర్చి మొత్తం నిండే నాదం వస్తుంది.

కరెంటు మోటారు రాకముందు తిత్తిని చేత్తో కొట్టేవాళ్ళు. ఆ చెక్క పిడి ఇప్పటికీ పక్కన ఉంది, చెయ్యి పడిన చోట నున్నగా అరిగి మెరుస్తోంది. గాలి ఎంత ఉందో తెలియడానికి దారానికి కట్టిన చిన్న సీసపు గుండు, గోడ మీద గీసిన గీతలు. గుండు ఫలానా గీత దాటకుండా చూసుకోవడమే ఆ మనిషి ఉద్యోగం. పాట ఎంత గొప్పగా సాగినా వాయించినవాడి పేరు చెప్పుకునేవారే తప్ప ఈ పిడి పట్టుకున్నవాణ్ణి తలచుకునేవారు కాదేమో. నేను ఆ పిడి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉన్నాను.

మెట్టు నొక్కితే ఏం జరుగుతుందో పెద్దాయన నెమ్మదిగా చేసి చూపించారు. మెట్టు వెనక కొస నుంచి పలచని చెక్క పట్టీ పైకి వెళ్తుంది. అది గాలి పెట్టె లోపలున్న చిన్న చెక్క మూతను కిందికి లాగుతుంది. మూత తెరుచుకుంటే ఆ స్వరానికి సంబంధించిన గాడిలోకి గాలి వస్తుంది. ఆ గాడి మీద ఏ స్టాపు లాగి ఉంటే ఆ స్టాపు గొట్టం పలుకుతుంది. స్టాపు లాగడం అంటే ఇంకేం కాదు, చిల్లులున్న పొడుగాటి పట్టీని కదపడం. లాగితే చిల్లు మీద చిల్లు కలుస్తుంది, తోస్తే మూసుకుంటుంది. వేలికీ గొట్టానికీ మధ్య కరెంటు లేదు, కలప, తీగ, తోలు మాత్రమే. మెట్టు ఎంత నిదానంగా నొక్కితే గాలి అంత నిదానంగా గొట్టంలోకి వెళ్ళడం వేలికి తెలుస్తుంది.

గాలి పెట్టె ముందు పలక మరలు విప్పి తీశారు. లోపల మూతలు వరసగా, ఒక్కోదానికి ఇత్తడి స్ప్రింగు. మూతకు పైవైపు తోలు అతికించి ఉంది. ఒకటి ఊడదీసి నా చేతిలో పెట్టారు. గోటితో తాకితే పొడి రాలింది. తోలు అరిగిన చోట గాలి సన్నగా కారి, నొక్కకుండానే స్వరం పలుకుతూ ఉంటుంది. ఒక క్రిస్మస్ రాత్రి ప్రార్థన మధ్యలో ఇలాగే ఒక స్వరం పట్టుకుని వదల్లేదని, మావయ్య లోపలికి పాక్కుంటూ వెళ్ళి ఆ గొట్టం పీకి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారని అక్కడే తెలిసింది.

ఇక జిగురు గోల. ఇంతకుముందు ఎవరో ఒక మరమ్మతుదారు తిత్తి మడతలకు తోలు బదులు రెక్సిన్ వేసి, బజారులో దొరికే తెల్ల జిగురుతో అతికించి వెళ్ళాడు. రెక్సిన్ మడత దగ్గర పగిలింది. తీద్దామంటే ఆ జిగురు వదలదు. కలపతో సహా పెచ్చులు ఊడి వస్తోంది. అసలు పద్ధతిలో ఎముకలు, తోలు ఉడకబెట్టి తీసిన వజ్రం జిగురు వేడి చేసి పూస్తారు. అది రాయిలా పడుతుంది, కానీ వేడి నీటి గుడ్డ కాసేపు వేస్తే మళ్ళీ వదిలేస్తుంది. యాభై ఏళ్ళ తర్వాత వచ్చేవాడు తేలిగ్గా విప్పుకునేలా అతికించడమే బాగుచేయడం అని పెద్దాయన నమ్మకం. తన పని కూడా ఒకనాటికి పాడవుతుందని ఒప్పుకుని చేసే పని ఇది. నేను చూసిన ఏ మరమ్మతులోనూ ఇంత మర్యాద లేదు.

తోలు గురించి ఇంకో మాట. ఆ రోజు వాడుతున్నది లేత గోధుమ రంగు గొర్రెతోలు. వాసన చూస్తే రసాయనం ఘాటు లేదు, చెట్టు పట్ట వాసన. తంగేడు పట్టతో ఊని కరక్కాయతో ముగించినది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇలా తంగేడుతో ఊనిన తోళ్ళు 19వ శతాబ్దంలో ఓడలకొద్దీ ఇంగ్లండుకు వెళ్ళేవి. మన చేలగట్ల మీద పచ్చగా పూసే తంగేడే. ఆ పువ్వుతో బతుకమ్మ పేర్చిన మా హైదరాబాదు స్నేహితురాళ్ళకు ఈ సంగతి వెళ్ళగానే చెప్పాలి.

మధ్యాహ్నం మావయ్య తెచ్చిన పులిహోర తిని మళ్ళీ కూర్చున్నాం. మూతలకు తోలు కోసే పని నాకిచ్చారు. కత్తి ఏటవాలుగా పట్టుకుని అంచు పలచగా చెక్కాలి, లేకపోతే అంచు లేచి గాలి కారుతుంది. హార్మోనియం తోలుకూ ఇదే పద్ధతి కాబట్టి చెయ్యి త్వరగానే కుదిరింది.

పెడల్ గొట్టాల్లో, అంటే కాలితో తొక్కే మెట్లకు పలికేవాటిలో, ఒకదాన్ని చెద తినేసింది. బయటికి రంగు అలాగే ఉంది, వేలితో నొక్కితే లోపలికి పోయింది. గొట్టం మొత్తం కొత్తది చేయించడం తేలిక. పెద్దాయన మాత్రం తిన్నంతవరకే కోసి, పాత బెంచీ నుంచి తీసిన టేకు ముక్కను ఏటవాలు అతుకుతో కలుపుతున్నారు. గొట్టం నోరు, పెదవి దగ్గర పాత పనివాడి ఉలి గుర్తులు ఉన్నాయి. గొంతు అక్కడే ఉంటుంది. దాన్ని పారేస్తే వచ్చేది వేరే గొంతు.

క్వాయర్ కుర్రాడొకడు వచ్చి, ఆర్గన్ శ్రుతి తగ్గించి కీబోర్డుకూ గిటారుకూ సరిపోయేలా చేయమని అడిగాడు. అడగడంలో తప్పులేదు. పాత ఇంగ్లీషు ఆర్గన్లలో చాలావాటి శ్రుతి ఇప్పటి ప్రమాణం (సెకనుకు 440 కంపనాలు) కంటే హెచ్చుగా ఉంటుంది. కానీ శ్రుతి తగ్గించాలంటే గొట్టాలన్నీ పొడుగు చేయాలి, ప్రతి గొట్టం గొంతూ మళ్ళీ దిద్దాలి. కీబోర్డులో అయితే ఒక మీట నొక్కితే శ్రుతి మారుతుంది. మారగలిగినదే మారాలి అని నా అభిప్రాయం. నాటకంలో ఐదున్నర శ్రుతి నటుడు వస్తే మేం పెట్టె మార్చుకునేవాళ్ళం గానీ ఆయన గొంతు మార్చమనలేదు.

రాత్రి తొమ్మిది దాటాక శ్రుతి చేయడం మొదలైంది. పగలు వీధిలో హారన్లతో కుదరదు. పారిస్‌లో నోత్రదామ్ కథీడ్రల్ 2019 ఏప్రిల్‌లో కాలినప్పుడు అక్కడి పెద్ద ఆర్గన్ మంటలకు చిక్కలేదు గానీ దాదాపు 8,000 గొట్టాల్లో సీసపు దుమ్ము పేరుకుంది. అంతా విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ నిలబెట్టి, నెలల తరబడి రాత్రిళ్ళే శ్రుతి చేశారు. 2024 డిసెంబరులో కథీడ్రల్ తెరిచిన రోజు అది మళ్ళీ పలికింది. అంత పెద్ద పనికైనా, ఈ చిన్న చర్చి పనికైనా నిశ్శబ్దం ఒక్కటే కావాలి.

నేను మెట్ల దగ్గర, పెద్దాయన లోపల. ఆయన "ఊఁ" అంటే నేను తర్వాతి మెట్టు. ముందే సరిచేసిన స్టాపు పక్కన సరిచేయాల్సిన గొట్టం పలికినప్పుడు రెండింటి మధ్య నాదం పొంగుతూ తగ్గుతూ ఉంటుంది. స్కూల్లో విస్పందనాలని చదువుకున్నవి ఇవే. వేగంగా కొట్టుకుంటే శ్రుతి దూరంగా ఉన్నట్టు. ఆయన శంకువులాంటి ఇత్తడి పనిముట్టుతో గొట్టం కొసను వెంట్రుకవాసి విప్పుతారు. అల నెమ్మదిస్తుంది, ఇంకా నెమ్మదిస్తుంది, ఒక్క క్షణంలో ఆగిపోతుంది. రెండు గొట్టాలు ఒక్కటైన ఆ చోటు చెవికి కాదు, పళ్ళకు తెలిసింది. చేత్తో గొట్టాన్ని ఎక్కువసేపు పట్టుకోకూడదు, ఒంటి వేడికే శ్రుతి పెరుగుతుంది. పది డిగ్రీల వేడి తేడా అర్ధస్వరంలో పావు వంతుకు పైగా శ్రుతిని లేపుతుంది. నాలుక ఉన్న స్టాపులు అంతగా కదలవు. అందుకే పొద్దున చల్లగా ఉన్నప్పుడు కలిసి పలికిన ట్రంపెట్, మధ్యాహ్నం ఎండలో విడిపోతుంది. నిజానికి విడిపోయింది మిగతా గొట్టాలు, నింద మాత్రం ట్రంపెట్‌కు. సగం చర్చికి ఏసీ పెట్టించి ఆర్గన్ ఉన్న మూల వదిలేస్తే ఈ గొడవ రోజూ ఉంటుంది.

ఆదివారం

కథీడ్రల్ రోడ్డులో సెయింట్ జార్జ్ కథీడ్రల్. జేమ్స్ లిలీమన్ కాల్డ్‌వెల్ గీసిన నమూనాతో, డి హావిలండ్ చేతి మీదుగా 1815లో కట్టి, 1816 జనవరిలో ప్రతిష్ఠ చేశారు. మద్రాసుకు బిషప్పు వచ్చాక 1835లో కథీడ్రల్ అయింది. తెల్లటి స్తంభాలు, ఎత్తయిన గోపురం, చుట్టూ చెట్లు. పక్క శ్మశానం కంచెకు శ్రీరంగపట్నం దగ్గర పట్టుకున్న తుపాకులు, బాయినెట్లు వాడారని చెబుతారు. 1799లో అదే కోట కూలినప్పుడు ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కిన టిప్పు సుల్తాన్ పులిబొమ్మ ఇప్పుడు లండన్‌లో ఉంది. తెల్ల సైనికుణ్ణి కరుస్తున్న ఆ చెక్క పులి పక్కన మూత తీస్తే లోపల 18 మెట్ల చిన్న పైప్ ఆర్గన్ ఉంటుంది. మైసూరు రాజ్యంలో, టిప్పు కోసం, తిత్తితో, గొట్టాలతో చేసిన వాద్యం. ఈ కంచె దగ్గర నిలబడి దాన్ని తలచుకోకుండా ఉండలేకపోయాను.

తెలుగువాళ్ళకు ఈ కథీడ్రల్‌తో ఇంకో బంధం ఉంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఇక్కడే ఏర్పడింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఒక్కటయ్యాయి. దానికోసం ఎక్కువ పాటుపడినవాళ్ళలో దోర్నకల్ బిషప్ అజరయ్య ఒకరు. తిరునెల్వేలి తమిళుడు, 1912 నుంచి మన తెలుగు పల్లెల మధ్య బిషప్పుగా పనిచేసి, ఆ రోజు చూడకుండానే 1945 జనవరి 1న వెళ్ళిపోయారు. ఆయన దోర్నకల్లో కట్టించిన కథీడ్రల్ మసీదు, గుడి పోలికలు కలిసి ఉంటుంది. అక్కడ తెలుగు కీర్తనే ముందు. ఇక్కడ ఆర్గన్. రెండూ ఒకే సంఘం కిందివే, ఒకదాన్ని చూసి ఇంకోటి సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఆరాధనలో వెనక వరసలో కూర్చున్నాం. పాటకు ముందు ఆర్గన్ ఒక్కటే రెండు చరణాలు వాయించింది. అందరూ లేచారు. అడుగు స్వరం మొదలైనప్పుడు ముందు బెంచీ మీద పెట్టిన నా అరచేతికి తెలిసింది, తర్వాత చెవికి. జనం ఊపిరి తీసుకునే చోట ఆర్గన్ కూడా చెయ్యి ఎత్తింది. సరిగ్గా ఆ వ్యవధిలో చర్చి అంతా ఒకేసారి ఊపిరి పీల్చిన శబ్దం వినిపించింది. మావయ్య నా వైపు చూడలేదు, ఆయన పాడుతున్నారు. గురువారం అన్న మాట ఇదే. గట్టిగా మోగడం కోసం కాదు ఇన్ని గొట్టాలు. పక్కవాడి గొంతు వినపడేంత చోటు ఇస్తూ, పాడటం రానివాడు కూడా నోరు విప్పేంత ధైర్యం ఇవ్వడం కోసం.

సాయంత్రం పెరంబూరులో తెలుగు ఆరాధనకు వెళ్ళాం. కీబోర్డు, తబలా. బాగానే పాడారు.

సోమవారం

రైలు రాత్రికి కాబట్టి పగలంతా మళ్ళీ ఆ చిన్న చర్చిలోనే. నేను కోసిన తోళ్ళు అతికించిన మూతలు ఆరాయి. స్ప్రింగులు తగిలించి పెట్టెలో అమర్చాం. గాలి పెట్టి, ఒక్క స్టాపూ లాగకుండా మెట్లన్నీ ఒకటొకటిగా నొక్కి విన్నారు. గాలి కారే చప్పుడు రెండు చోట్ల ఉంది. ఆ రెండూ తీసి మళ్ళీ చేశాం.

ట్రంపెట్ దగ్గర పని ఆగింది. ఇత్తడి నాలుకల మీద పచ్చటి చిలుము. కొన్ని తుడిస్తే పలికాయి, కొన్ని పలచబడిపోయాయి. బయటి నుంచి కొత్తవి తెప్పించి ఈ క్రిస్మస్‌కే మోగించాలని కమిటీలో కొందరి పట్టుదల. పెద్దాయన ఒప్పుకోలేదు. ఉన్నవాటిలో బతికేవి ఏవో, చచ్చినవి ఏవో ఒక వాన కాలం చూసి గానీ తేల్చనన్నారు. పోయినవాటికి అదే మందం ఇత్తడి రేకు వెతికి, అదే వంపు తీయాలి. నాలుక వంపులో రవ్వంత తేడా వస్తే గొట్టం గరగరలాడుతుంది, లేదా అసలు పలకదు. హార్మోనియం రీడు గీకిన చేతికి ఆ భయం తెలుసు. కమిటీ ముందు నేను మాట్లాడటం మర్యాద కాదు గానీ, అడిగారు కాబట్టి ఆయన మాటే సరైనదని చెప్పాను. ఈ క్రిస్మస్‌కు ట్రంపెట్ లేకపోతే పాట ఆగదు. తొందరపడి పాత నాలుకలు పారేస్తే ఆ గొంతు ఎలా ఉండేదో చెప్పడానికి ఆధారం కూడా మిగలదు. చివరికి ట్రంపెట్ గొట్టాలను గుడ్డలో చుట్టి, ఒక్కోదాని మీద స్వరం పేరు రాసి, పొంగల్ తర్వాత చూద్దామని బీరువాలో పెట్టారు. నాలుకలను విడిగా, నూనె కాగితంలో.

మిగతా పని అక్టోబరు లోపు అయిపోతుంది. ఆ తర్వాతే అసలు కష్టం. వాన గాలికి చెక్క ఉబ్బి స్టాపు పట్టీలు బిగుసుకుంటాయి. రోజుల తరబడి కదపకపోతే తోలు చెక్కకు అంటుకుంటుంది, ఎలుక గూడు పెడుతుంది. బాగుచేసి తాళం వేసిన ఆర్గన్ మూడేళ్ళలో మళ్ళీ మూగబోవడం పెద్దాయన చూశారట. అందుకని క్వాయర్ పిల్లలకు వంతులు వేశారు. వచ్చినవాళ్ళు అరగంట సేపు ప్రతి స్టాపూ లాగి, కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా, పెడళ్ళతో సహా వాయించాలి. పాట రాకపోయినా ఫరవాలేదు, మెట్టు కదలాలి. శ్రుతి తగ్గించమని అడిగిన కుర్రాడికి శనివారం వచ్చింది. మంగళవారం మావయ్యది.